మెటల్ పెన్ను: రాసి చూసేముందు విప్పి చూడండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

రోజూ రాసుకునే పెన్నుల గురించి ప్రశ్నలు పంపమని కిందటి నెల అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మెటల్ బాల్‌పెన్నుల మీదే ఉన్నాయి. ఒకే సంగతి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్కో విషయానికి ఒక ఉత్తరం తీసుకుని జవాబిస్తున్నాం.

కాచిగూడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి: కౌంటర్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాత పనే. ప్లాస్టిక్ పెన్నులకు రెండు నెలలకోసారి క్లిప్పు విరగడమో, బటన్ పోవడమో జరుగుతోంది. వెయ్యి రూపాయల లోపు మెటల్ పెన్ను ఒకటి కొని పదేళ్లు వాడుకోవాలని ఉంది. షాపులో అన్నీ మెరుస్తూనే కనిపిస్తాయి. ఏది గట్టిదో ఎలా తెలుస్తుంది?

మెటల్ పెన్ను కొన్నామంటే రెండు వస్తువులు కొన్నట్టు. పదేళ్లుండాల్సిన ఒళ్లు ఒకటి, కొన్ని నెలల్లో అయిపోయే రీఫిల్ ఒకటి. కాగితం మీద నడిచేది రీఫిల్. షాపులో నాలుగు గీతలు గీసి ‘భలే నున్నగా పోతోంది’ అని తీసుకుంటే మీకు నచ్చింది రీఫిలే, డబ్బు పోసింది మాత్రం ఒంటికి. అందుకే ముందు విప్పాలి, తర్వాతే రాయాలి. విప్పి చూడనివ్వని షాపులో పెన్ను తీసుకోకండి.

విప్పగానే మర చూడండి. పెన్ను రెండుగా విడిపోయే చోట రెండు వైపులా లోహమే ఉందా, స్టీలు గొట్టం లోపల నల్లటి ప్లాస్టిక్ మర అతికించి ఉందా? ‘ఫుల్ మెటల్’ అని అమ్మేవాటి గుట్టు బయటపడేది ఇక్కడే. పైన రేకు, లోపల ప్లాస్టిక్. రీఫిల్ మార్చిన ప్రతిసారీ అందరం కాస్త గట్టిగానే బిగిస్తాం. అలా బిగించగా బిగించగా ప్లాస్టిక్ మర పగులుతుంది. ఇక రాస్తుండగానే పెన్ను విడిపోతుంటుంది, దాన్ని బాగుచేసే దారి లేదు. లోహపు మర అయితే మూడు నాలుగు పూర్తి చుట్లు సాఫీగా తిరిగి చివర్లో గట్టిగా ఆగాలి. ఒక చుట్టు, ఒకటిన్నర చుట్టుకే ఆగిపోయేవి రాసేకొద్దీ వదులవుతాయి. బిగించాక అతుకు మీదుగా గోరు నడిపించండి. గోటికి మెట్టు తగలకూడదు.

తర్వాత మొన. రీఫిల్ బయటికి వచ్చేలా నొక్కి, దాని కొసను గోటితో పక్కలకు కదపండి. వెంట్రుకవాసి కదలిక ఉండాలి, లేకపోతే రీఫిల్ లోపలికీ బయటికీ జారదు. ‘టకటక’మని చప్పుడు వినిపించేంతగా ఆడితే మాత్రం రంధ్రం పెద్దదైందన్నమాట. పదిమందిలో షాపులో నిలబడి రాసినప్పుడు ఆ చప్పుడు చెవిన పడదు. ఇంటికొచ్చాక ప్రతి అక్షరానికీ వేళ్లకు తెలుస్తుంది.

బటన్‌ను ఇరవైసార్లు నొక్కండి. నెమ్మదిగా, వేగంగా, కాస్త పక్కకు వంచి కూడా. లోపల పళ్లున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది. నొక్కినప్పుడల్లా అది కొంచెం తిరిగి ఒక మెట్టు మీద కూర్చుంటుంది, మళ్లీ నొక్కితే ఆ మెట్టు దిగుతుంది. ఇరవైలో ఒక్కసారి జారినా ఆ పెన్ను పక్కన పెట్టేయండి. కొత్తలో ఒకసారి జారేది ఏడాదికి రోజూ జారుతుంది. తిప్పితే తెరుచుకునే రకమైతే తిప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో ఉండాలి. మధ్యలో గరగరమంటే తీసుకోవద్దు. కౌంటర్లో గంటకు యాభైసార్లు తెరిచి మూసేవాళ్లకు నొక్కుడు పెన్నే సుఖం, ఒక చేత్తో పనైపోతుంది.

క్లిప్పు విరగడం మీ పాత బాధ కాబట్టి దాన్ని విడిగా చూడండి. పలుచని రేకును మడిచి గొట్టం చీలికలో దూర్చినవి మొదట వదులై, తర్వాత ఊడిపోతాయి. స్ప్రింగు స్టీలుతో చేసిన క్లిప్పు అయితే బొటనవేలితో రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తి వదిలితే ఉన్నచోటికి వచ్చి గొట్టాన్ని తాకుతుంది. తాకకుండా కాస్త తెరుచుకునే ఉండిపోతే అది మెత్తటి లోహం. చొక్కా జేబుకు సరిపోతుందేమో గానీ ఫైలు అట్టకు పెట్టారంటే వంగిపోతుంది.

ఇక లోహం ఏదో చూద్దాం. ఇత్తడి నీటి కంటే సుమారు 8.5 రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 7.9 రెట్లు, అల్యూమినియం 2.7 రెట్లు బరువు. చూడటానికి ఒకే సైజులో ఉన్న రెండు పెన్నుల్లో ఒకటి దిమ్మలా, ఒకటి బెండులా అనిపించడానికి కారణం అదే. మెరిసే వెండిరంగు పెన్నుల్లో చాలావరకు లోపల ఇత్తడి, పైన నికెల్, ఆపైన క్రోమియం పూత. పూత మంచిదైతే ఏళ్లకొద్దీ ఉంటుంది. పలుచనిదైతే బొటనవేలు ఆనే చోట చెమటకు అరిగి పసుపురంగు బయటపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు పూత అక్కర్లేదు, గీతలు పడినా లోపలిదీ అదే రంగు. రోజంతా చేతిలో ఉండే పెన్నుకు మా ఓటు పూత లేని స్టీలుకే. అయస్కాంతం పెట్టి చూడటం ఒక పద్ధతి అంటారు గానీ దాన్ని పూర్తిగా నమ్మొద్దు. గిన్నెలకు వాడే 304 రకం స్టీలుకు అయస్కాంతం అంతగా అంటదు, ఇత్తడికి అసలంటదు. మామూలు ఇనుప రేకుకు గట్టిగా అంటుకుంటుంది. అంటుకోకపోయినంత మాత్రాన మంచి స్టీలని అర్థం కాదు.

ఇవన్నీ అయ్యాక రాయండి. సంతకం చేసి చూస్తారు అందరూ. సంతకం అలవాటు మీద పోతుంది కాబట్టి పెన్ను లోపం బయటపడదు. మనవాళ్లు పెన్ను చేతికి రాగానే ‘శ్రీ’ రాస్తారు చూడండి, అది నిజంగా మంచి పరీక్ష: వంపు ఉంది, గుడిదీర్ఘం ఉంది, కింద రావత్తు ఉంది. దాని పక్కనే ‘ళ్ళ’, ‘క్ష్మ’, ‘స్త్ర’, ‘ఠ’ రాయండి. వత్తులు విడివిడిగా కనిపిస్తే టిప్ మీకు సరిపోయినట్టు. టిప్ సైజు అంటే దాని కొసన దొర్లే గుండు సైజు. సాధారణంగా అందులో సగానికి దగ్గరగా గీత పడుతుంది. 1.0 మిల్లీమీటరు టిప్ ఇంగ్లిషు సంతకాలకు బాగుంటుంది, సన్నగా తెలుగు రాసేవాళ్లకు వత్తులు మూసుకుపోతాయి. వాళ్లు 0.7 తీసుకోవాలి. షాపువాళ్లిచ్చే పుస్తకం మీద రాస్తే కింద వంద కాగితాల మెత్తదనం ఉంటుంది, ఏ పెన్నయినా నున్నగానే పోతుంది. మీ బ్యాంకు వోచరు కాగితం ఒకటి జేబులో పెట్టుకెళ్లి, గాజు కౌంటరు మీద పరిచి పదిహేను లైన్లు రాయండి.

వెయ్యి లోపు మా మాట ఒక్కటే. నగిషీలు, రాళ్లు, రంగుల పూతలు వదిలేసి, సాదా స్టీలు ఒళ్లు, నొక్కుడు బటన్, పార్కర్ రకం రీఫిల్ (కొలతలు తర్వాతి జవాబులో ఉన్నాయి) పట్టే పెన్ను తీసుకోండి. 1954లో వచ్చిన పార్కర్ జాటర్ ఇప్పటికీ ఆ పద్ధతిలోనే ఉంది. వేరే ఏది చూసినా దాని పక్కన పెట్టి పోల్చుకోండి.

నాంపల్లి నుంచి ఒక న్యాయవాది: నా దగ్గర నాలుగు మెటల్ పెన్నులున్నాయి. ఒకదాని రీఫిల్ ఇంకోదానికి పట్టదు. ఒకదానికైతే ఊరంతా తిరిగినా రీఫిల్ దొరకలేదు. కొనేముందే ఈ సంగతి ఎలా తెలుసుకోవాలి? అఫిడవిట్లు, చెక్కుల మీద ఏ ఇంకు వాడితే మంచిది?

ఇది తెలియక మూలన పడ్డ పెన్నులే ఎక్కువ. షాపులో ‘పార్కర్ రీఫిల్’ అని అడిగేదానికి ప్రమాణాల భాషలో జీ2 అని పేరు. సుమారు 98 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల లావు, చివర పళ్లున్న ప్లాస్టిక్ మూత. చాలా కంపెనీలు ఈ కొలతలో రీఫిళ్లు చేస్తాయి. ఒక కంపెనీ మూతపడినా మీ పెన్ను బతుకుతుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. పైలట్ జీ2 అని ఒక జెల్ పెన్ను ఉంది, అది పెన్ను పేరు మాత్రమే. దాని రీఫిల్ ఇంకా పొడుగు, పార్కర్ రకం పెన్నులో పట్టదు. ఆన్‌లైన్‌లో ‘జీ2 రీఫిల్’ అని వెతికి తెప్పించుకునేవాళ్లు ఫొటోలో చివరి మూత చూసుకోవాలి.

రెండోది డీ1. 67 మిల్లీమీటర్ల పొడవు, 2.3 మిల్లీమీటర్ల పైచిలుకు లావు, అగ్గిపుల్ల కంటే కాస్త పొడుగైన లోహపు గొట్టం. రెండు మూడు రంగులున్న పెన్నుల్లో, చిన్న డైరీ పెన్నుల్లో ఉంటుంది. ఇంకు తక్కువ పడుతుంది. రోజంతా రాసేవాళ్లకు వారాల్లోనే అయిపోతుంది. ఆ పెన్ను సంతకాలకే ఉంచుకోండి. క్రాస్ కంపెనీ రీఫిల్‌కు చివర మర ఉంటుంది, పెన్నులో తిప్పి బిగించాలి. లామీవాళ్ల ఎం16 కూడా వాళ్ల సొంత కొలతే. ఇవి మంచి రీఫిళ్లే, దొరుకుతాయి కూడా. కాకపోతే ఆ కంపెనీ రీఫిల్ మీదే ఆధారపడాలి. మీకు దొరకని నాలుగోది బహుశా పేరులేని గిఫ్టు పెన్ను అయ్యుంటుంది. దాని రీఫిల్‌ను స్కేలుతో కొలవండి. 98 కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తేడా ఉంటే, పార్కర్ రకం వేసి చూడొచ్చు. రీఫిల్ పొట్టిదై మొన బయటికి చాలకపోతే వెనకాల దళసరి అట్టముక్క గుండ్రంగా కత్తిరించి పెడితే సరిపోతుంది. పొడుగైన రీఫిల్‌ను మాత్రం కోయొద్దు. లోహపు గొట్టం కోస్తే ఇంకు వెనక నుంచి కారుతుంది.

పత్రాల విషయానికి వస్తే, రీఫిల్ ఒంటి మీద ‘ఐఎస్ఓ 12757-2’ అని ఉందేమో చూడండి. దస్తావేజుల రాతకు పనికొచ్చే బాల్‌పెన్ను ఇంకుకు ఇచ్చే గుర్తు అది. వెలుతురు, నీళ్లు, రబ్బరుతో చెరపడం, స్పిరిటు, ఆమ్లం, బ్లీచింగు, వీటికి రాత తట్టుకుంటుందా అని పరీక్షించే ప్రమాణం. అఫిడవిట్లకు, వీలునామాలకు ఆ గుర్తున్న రీఫిల్ వేసిన పెన్ను ఒకటి ప్రత్యేకంగా పెట్టుకోండి. రుద్దితే చెరిగే ఇంకు పెన్నులు కోర్టు కాగితాల దగ్గరికి రానివ్వకండి. ఆ ఇంకు సుమారు 60 డిగ్రీల వేడికి రంగు పోగొట్టుకుంటుంది. ఇస్త్రీపెట్టె తగిలినా, లామినేషన్ చేయించినా రాత మాయమవుతుంది. చెక్కుల మీద ఇతరులు ఇచ్చిన పెన్నుతో రాయకపోవడానికి ఇది ఒక్కటి చాలు. నల్ల ఇంకుతో రాసిన చెక్కు చెల్లదని ఫోన్లలో తిరిగిన మాట అబద్ధం. రిజర్వు బ్యాంకు అలాంటి నిబంధన పెట్టలేదు.

మలక్‌పేట నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు: మెటల్ పెన్ను కొత్తలో బాగా రాసింది. ఇప్పుడు గుండ్రటి అక్షరాల దగ్గర ఇంకు గడ్డలు పడుతున్నాయి. పిల్లల నోటుబుక్కులు దిద్దుతుంటే చెయ్యి తగిలి అలుక్కుపోతోంది. ఇంగ్లిషు రాసే తోటి టీచరుకు ఇదే పెన్నుతో ఈ ఇబ్బంది లేదు. ఎందుకని?

అమ్మా, మీరు గమనించింది సరైనదే, దానికి కారణం మన లిపిలోనే ఉంది.

టిప్‌లో గుండు ఒక చిన్న గూటిలో కూర్చుని దొర్లుతుంది. లోపలి ఇంకును ఒంటికి పూసుకుని కాగితం మీద అద్దుతుంది. కాగితం తీసుకోని ఇంకు గుండుతో పాటు తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు గూటి అంచు దాన్ని తుడిచి పక్కన పెడుతుంది. తిన్నగా గీస్తున్నంతసేపు అది అంచు మీద పోగవుతూనే ఉంటుంది. దిక్కు మారగానే ఆ పోగైందంతా ఒక్కసారి కాగితం మీద దిగుతుంది. ‘ర’ చుట్టేటప్పుడు, ‘ఠ’ మూసేటప్పుడు, ‘ళ’లో మెలిక తిప్పేటప్పుడు మొన అన్ని దిక్కులకూ తిరుగుతుంది. అందుకే మీ గడ్డలన్నీ వంపు మలుపులోనే ఉంటాయి, తలకట్టు గీతలో ఉండవు. ఎర్ర పెన్నుతో దిద్దిన పేజీని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి, ఒకే చోట వరుసగా మెరుస్తూ కనిపిస్తాయి.

కొత్తలో లేనిది ఇప్పుడు వచ్చిందంటే గూటి అంచు అరిగి ఉంటుంది, లేదా దుమ్ము చేరి ఉంటుంది. సుద్దపొడి ఈ పనికి పెట్టింది పేరు. నల్లబల్ల దగ్గర తెరిచి ఉంచిన పెన్ను మొన మీద తడి ఇంకుకు సుద్ద అంటుకుని గుండుతో పాటు లోపలికి పోతుంది. బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మొన లోపలికి నొక్కేయండి. పేజీకొకసారి మెత్తటి కాగితం మీద మొనను తిప్పుతూ తుడవండి. పెన్నును మరీ వాల్చి పట్టుకునే అలవాటుంటే మార్చుకోవాలి. కాగితానికి 60 డిగ్రీలకు తగ్గకుండా నిలబెట్టాలి. వాలిస్తే గూటి అంచే కాగితాన్ని గీకి అరిగిపోతుంది.

వీటితో తగ్గకపోతే రీఫిల్ మార్చడమే, ఒళ్లు బాగానే ఉంది. 1.0 ఉంటే 0.7 వేయండి. పలుచటి నూనె ఇంకు రీఫిళ్లు పార్కర్ కొలతలో వస్తున్నాయి: యూనివాళ్ల జెట్‌స్ట్రీమ్ ఎస్ఎక్స్ఆర్-600, ష్మిట్‌వాళ్ల ఈజీఫ్లో 9000. వీటికి తక్కువ ఒత్తిడి చాలు. తొందరగా ఆరేది కావాలంటే జెట్‌స్ట్రీమ్ వైపు వెళ్లండి. ఈజీఫ్లో నున్నగా పోతుంది గానీ గీత తడిగా, ముదురుగా పడుతుంది. చెయ్యి రాత మీదుగా పోయేవాళ్లకు దాన్ని మేం చెప్పం.

అశోక్‌నగర్ నుంచి ఒక అభ్యర్థి: గ్రూప్స్ మెయిన్స్‌కు చదువుతున్నాను. రోజుకు ఐదారు గంటలు రాత సాధన. బరువైన మెటల్ పెన్ను అయితే చేతిరాత కుదురుతుందని మిత్రులు చెబితే కొన్నాను. వారం నుంచి బొటనవేలి మొదట్లో నొప్పి. అలవాటయ్యే దాకా ఓర్చుకోమంటున్నారు. ఓర్చుకోవచ్చా?

వద్దు. ఆ పెన్నును ఇవాళే పక్కన పెట్టండి.

బరువైన పెన్ను తన బరువుతోనే రాస్తుందన్న మాట పాళీ పెన్నుకు కొంత నిజం. బాల్‌పెన్నుకు అలా కాదు. చిక్కటి ఇంకు దిగాలంటే మీరు నొక్కాలి, ఆపైన పెన్నును ఎత్తి తిప్పాలి. మామూలు ప్లాస్టిక్ బాల్‌పెన్ను ఆరు గ్రాముల చుట్టూ ఉంటుంది. లావుపాటి ఇత్తడి పెన్ను ముప్పై దాటుతుంది. మూడు గంటల పేపరులో వేల అక్షరాలు రాసే వేళ్లకు ఆ తేడా చిన్నది కాదు. వంటింటి తూకం మీద పెట్టి చూడండి. మెటల్ పెన్నే కావాలంటే పన్నెండు నుంచి ఇరవై గ్రాముల లోపుది చూసుకోండి.

బరువు ఎంత అన్నదాని కంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. మొన బయటికి తీసి, పెన్నును చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టండి. సరిగ్గా మధ్యలోనో, మొనవైపు కాస్త జరిగో నిలిస్తే మంచిది. బటన్ వైపు జరిగి నిలిచే పెన్ను రాస్తున్నంతసేపు వెనక్కి లాగుతుంటుంది. దాన్ని ఆపడానికి బొటనవేలు బిగుసుకుంటుంది. మీ నొప్పి ఉన్నచోటు చూస్తే ఇదే అనిపిస్తోంది. పట్టు దగ్గర లావు తొమ్మిది నుంచి పదకొండు మిల్లీమీటర్ల మధ్య చాలామందికి సరిపోతుంది. నున్నగా పాలిష్ చేసిన పట్టు ఎండాకాలం చెమటకు జారుతుంది. జారకుండా ఇంకా గట్టిగా పట్టుకుంటాం, నొప్పి ఇంకా పెరుగుతుంది. సన్నటి గళ్లో, గాడులో చెక్కిన పట్టు తీసుకోండి.

పరీక్షకు రెండు నెలల ముందు నుంచి ఏ పెన్నుతో సాధన చేస్తే పరీక్షలోనూ దాన్నే వాడండి. అదే రీఫిల్ మరో రెండు కొనిపెట్టుకుని, ఒక్కోదానితో అర పేజీ రాసి సిద్ధంగా ఉంచుకోండి. ఓఎంఆర్ పత్రాలకు ఏ రంగు, ఏ రకం పెన్నో హాల్‌టికెట్ మీద రాసినదే ప్రమాణం, అక్కడ మా మాట కూడా వినొద్దు. పెన్ను మార్చి, వారం విశ్రాంతి ఇచ్చినా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

సికింద్రాబాద్ నుంచి ఒక మెడికల్ రిప్రజెంటేటివ్: ఏప్రిల్‌లో పెన్నును కారులో వదిలేసి, తర్వాత జేబులో పెట్టుకున్నాను. తెల్ల చొక్కా పాడైంది. మెటల్ పెన్నులు కారవంటారు కదా?

ఒళ్లు లోహమైనంత మాత్రాన ఇంకు కారకుండా ఉండదు. ఎండలో ఆపిన కారు లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ. వేడికి ఇంకు పలుచబడుతుంది, రీఫిల్‌లోని గాలి ఉబ్బి ఇంకును ముందుకు నెడుతుంది. లోహపు గొట్టం ప్లాస్టిక్ కంటే త్వరగా కాలుతుంది కూడా. మొన కిందికి ఉండి, పైగా బయటికి నొక్కి ఉంటే ఇక చెప్పేదేముంది. కారులో పెన్ను ఉంచాల్సివస్తే డాష్‌బోర్డు మీద కాకుండా సీటు కింద పెట్టెలో, మొన లోపలికి నొక్కి పెట్టండి. ఒకసారి కారిన రీఫిల్‌ను మళ్లీ నమ్మొద్దు, పారేయండి. గొట్టం లోపల ఇంకు అంటి ఉంటే స్పిరిటులో తడిపిన దూదిని పుల్లకు చుట్టి తుడిచి, ఆరాక కొత్తది వేయండి.

చొక్కాకు: మరక కింద పాత తువ్వాలు పరిచి, గుడ్డను తిరగేసి, వెనకవైపు నుంచి సర్జికల్ స్పిరిటు దూదితో అద్దండి. రుద్దితే మరక వెడల్పవుతుంది. మరక తువ్వాలుకు దిగినప్పుడల్లా తువ్వాలు జరపండి. ముందు చొక్కా లోపలి అంచు మీద ఒక చుక్క వేసి రంగు పోదని చూసుకోండి. మరక పూర్తిగా పోయేదాకా వేడినీళ్లు, ఇస్త్రీ తగలనివ్వొద్దు.

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు: పదవీ విరమణకు సహోద్యోగులు ఖరీదైన మెటల్ పెన్ను ఇచ్చారు. రాస్తుంటే లోపల రీఫిల్ టకటకలాడుతోంది. ఇచ్చినవాళ్లను బిల్లు అడగలేను. చప్పుడు ఆపే దారి ఉందా?

ఉంది. రీఫిల్ బయటికి తీసి, మొన నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల పైన పలుచటి సెల్లోటేపు ఒక చుట్టు వేయండి. స్ప్రింగు ఆనే భాగం మీద పడకూడదు, పడితే బటన్ వెనక్కి రాదు. బిగించి నొక్కి చూడండి. ఇంకా ఆడుతుంటే రెండో చుట్టు. రీఫిల్ జారడం బిగుతైతే ఒక చుట్టు తీసేయండి. స్ప్రింగును తిప్పి పెట్టినా కొన్నిసార్లు చప్పుడు తగ్గుతుంది. కొన్ని స్ప్రింగులకు ఒక కొస ఇరుకుగా ఉంటుంది, అది మొనవైపు ఉండాలి. రంధ్రమే పెద్దదై మొన ఊగుతుంటే టేపు సగమే పనిచేస్తుంది. అప్పుడు వేరే కంపెనీ రీఫిల్ వేసి చూడండి, మొన లావులో వాటి మధ్య చిన్న తేడాలుంటాయి.

తార్నాక నుంచి ఒక విద్యార్థిని: మెటల్ పెన్ను వాడినప్పటి నుంచి చూపుడువేలు, మధ్యవేలి మీద దురద, ఎర్రటి పొక్కులు.

నికెల్ పడనివాళ్లకు ఇలా జరుగుతుంది. చవకరకం చెవిదుద్దులు, వాచీ వెనక మూత కూడా మీకు పడకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. క్రోమియం పూత అరిగితే కింద నికెల్ చర్మానికి తగులుతుంది, చెమట దాన్ని కరిగిస్తుంది. పట్టు దగ్గర రబ్బరు ఉన్నదో, అనోడైజ్ చేసిన అల్యూమినియందో, టైటానియందో వాడండి. చర్మ వైద్యులకు చూపించుకుని నిర్ధారించుకోవడం మంచిది.

బర్కత్‌పురా నుంచి ఒక గృహిణి: రీఫిల్‌లో ఇంకు ఉండగానే రాయడం ఆగిపోతోంది. గోడ క్యాలెండరు మీద అసలు రాయదు. అగ్గిపుల్లతో వేడి చేయొచ్చా?

మంట చూపించొద్దు. గూడు లోహం సాగి గుండు వదులవుతుంది, ఆ తర్వాత కారడం మొదలవుతుంది. మొనను గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, గరుకు కాగితం మీద వేగంగా సున్నాలు చుట్టండి. రాయడం మొదలైతే సరే, లేకపోతే లోపల గాలి బుడగ చేరి ఉంటుంది. క్యాలెండరు దగ్గర జరిగేది అదే. మామూలు బాల్‌పెన్నులో ఇంకు దాని బరువుకే కిందికి దిగుతుంది. మొన పైకి ఉంటే గుండు దగ్గర ఖాళీ అయి గాలి దూరుతుంది. నున్నటి ఆర్టు కాగితం మీద గుండు దొర్లకుండా జారడం దానికి తోడు. గోడ మీద రాతకు పెన్సిలు చాలు. పెన్నే కావాలంటే ఫిషర్‌వాళ్ల రీఫిల్ ఉంది. లోపల నైట్రోజన్ ఒత్తిడితో ఇంకును నెట్టే రకం, 1968లో అపోలో 7తో అంతరిక్షంలోకి వెళ్లిన పెన్నులో వాడింది అదే. చిన్న ప్లాస్టిక్ ముక్క తగిలిస్తే పార్కర్ రకం పెన్నులో పడుతుంది. ఖరీదు ఎక్కువ, మామూలు రాతలో అంత నున్నగానూ ఉండదు.

వారాసిగూడ నుంచి ఒక పాఠకుడు: మా నాన్నగారి పాత స్టీలు పెన్ను బీరువాలో దొరికింది. బటన్ బిగుసుకుపోయింది, మరలు రావడం లేదు. షాపువాళ్లు పారేయమన్నారు. ఆయన గుర్తుగా వాడుకోవాలని ఉంది.

పారేయకండి. లోహపు పెన్ను అలా బిగుసుకుపోతే సాధారణంగా లోపల ఎండిన ఇంకో, తుప్పు పట్టిన స్ప్రింగో ఉంటుంది. రెండూ కుదిరే పనులే.

పట్టకారు మాత్రం పెట్టకండి, గొట్టం చొట్టపడితే ఇక సరికాదు. ఒళ్లంతా లోహమే అయితే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున తుడిచి, రెండు సగాలకూ రబ్బరు బ్యాండు చుట్టి, రెండు చేతులతో ఎడమవైపుకు తిప్పండి. రాకపోతే అతుకు దగ్గర కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి ఒక రోజు నిలబెట్టి మళ్లీ ప్రయత్నించండి. మధ్యలో ప్లాస్టిక్ భాగం ఉంటే నానబెట్టడం వరకు సరే, స్పిరిటు, థిన్నరు తగలనివ్వొద్దు. కొన్ని ప్లాస్టిక్‌లు వాటికి పగుళ్లిస్తాయి.

తెరుచుకున్నాక పాత రీఫిల్‌ను పారేయకుండా ముందు పొడవు కొలవండి. 98 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మీ అదృష్టం, ఇవాళ్టి పార్కర్ రకం పట్టేస్తుంది. కాకపోతే పాత రీఫిల్, పెన్ను రెండూ పట్టుకుని ఆబిడ్స్ వైపు వెళ్లండి. 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్ లాంటి పాత పెన్నుల షాపుల్లో వస్తువు చూపించి అడిగితే దానికి ఏది దగ్గరో చెప్పగలరు. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే ఏదైనా చవక నొక్కుడు పెన్నులోది తీసి, అదే పొడవుకు కత్తిరించి వేయండి. కోసిన కొస బటన్‌వైపు ఉండాలి, మొనవైపు ఉంటే రీఫిల్‌ను గీరుతుంది. మరకు కొంచెం కొవ్వొత్తి మైనం రాసి బిగించండి. వేళ్లతో ఆగేంతవరకే, అంతకు మించి ఒక్క తిప్పు కూడా వద్దు.